రెండు మీటలు కలిపి నొక్కితే

గల్ఫ్ నుంచి సెలవు మీద ఇంటికొచ్చేవాళ్ళ సామానులో ఒకప్పుడు నల్లటి టేపురికార్డరు తప్పకుండా ఉండేది. మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, పైన అల్లిన గుడ్డ కప్పుకుని. దాని ముఖ్యమైన పని సినిమా పాటలు వినిపించడం కాదు. నెలకోసారి ముసలావిడను దాని ముందు కూర్చోబెట్టి, పాట వినే మీటా పక్కనున్న ఎర్ర చుక్క మీటా రెండూ కలిపి నొక్కిపట్టి, ‘ఊఁ, ఇక మాట్లాడు అవ్వా’ అనేవాళ్ళం. అవ్వ గొంతు సవరించుకుని, మస్కట్‌లో ఉన్న కొడుక్కి చెప్పాల్సినవన్నీ ఆ పెట్టెకు చెప్పేది. గేదె ఈనిన సంగతి, పక్కింటి పిల్లకు కుదిరిన సంబంధం, ఈసారైనా పండక్కి రమ్మనడం. ఆమె మాటల వెనక కోడి కూసేది, ఎవరిదో సైకిలు గంట మోగేది. వాటన్నిటి అడుగున సన్నగా, ఆగకుండా టేపు తిరిగే రొద. ఆ చప్పుళ్ళన్నీ ఏరేసి అవ్వ గొంతొక్కటే శుభ్రంగా పంపి ఉంటే, అక్కడ ఆ కొడుక్కి ఇల్లు అంతగా కళ్ళముందు కట్టి ఉండేది కాదు.

అమెరికా గాయకుడు జాన్ డార్నీల్ పాటలు వింటున్నప్పుడల్లా ఆ రొద గుర్తుకొస్తుంది. ఆయన బృందం పేరు ద మౌంటెన్ గోట్స్. వాళ్ళ బాణీని ఇండీ ఫోక్ అంటారు. పెద్ద కంపెనీల అండ లేకుండా, గిటారు తోడుగా మాటే ప్రధానంగా సాగే పాట. ఆ బృందం 1991లో కాలిఫోర్నియాలో మొదలైంది. బృందమని పేరేగాని చాలా ఏళ్ళపాటు అందులో తరచుగా ఆయనొక్కడే. అప్పట్లో లాస్ ఏంజెలెస్ దగ్గరి నార్వాక్‌లో మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేసేవాడు. సిబ్బంది గదుల్లోనే ఉంటూ, రాసుకున్న కవితలకు గిటారు మీద వరసలు కట్టుకునేవాడు. రికార్డింగుకు ఆయన దగ్గరున్నది పానసోనిక్ ఆర్‌ఎక్స్-ఎఫ్‌టీ500 అనే మామూలు టేపురికార్డరు. మన ఇళ్ళలో కూర్చున్నదానికి దగ్గరి చుట్టం.

ఆ పెట్టెలోనే మైకు, దానికి దగ్గరలోనే మోటారు. పాటతోపాటు మోటారు గిర్రుమనడం కూడా టేపులోకి ఎక్కేది. రాసిన పాటను వేడి చల్లారకముందే పాడి పెట్టేవాడు. అలా దాదాపు పదేళ్ళు గడిచాయి. 2002లో వచ్చిన ‘ఆల్ హెయిల్ వెస్ట్ టెక్సస్’ ఆల్బమ్ నాటికి ఆ రొద ఆయన సంగీతంలో ఓ వాయిద్యమే అయిపోయింది. అదే ఏడాది ‘టలహాసీ’తో స్టూడియోలో అడుగుపెట్టాడు. స్టూడియో పాటలు బాగుంటాయి, కాదనను. అయినా ఆ పాత టేపులు వింటుంటే ఒక మనిషి మన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నట్టుంటుంది. గొంతు మరీ తియ్యనిదేం కాదు. ముక్కుతో పలుకుతూ, ఆవేశం వస్తే కీచుమంటుంది. చెప్పవలసింది ఉన్నవాడి గొంతు అది.

ఆయన చెప్పవలసింది ఏమిటో 2005 నాటి ‘ద సన్‌సెట్ ట్రీ’తో లోకానికి తెలిసింది. అది సవతి తండ్రి చేతిలో దెబ్బలు తిన్న తన బాల్యం. ఆ తండ్రి పోయాకగాని ఆ పాటలు బయటికి రాలేదు. అందులో ‘దిస్ ఇయర్’ అనే పాటలో పదిహేడేళ్ళ కుర్రవాడు ఉంటాడు. సాయంత్రందాకా ఎక్కడో తిరుగుతాడు, స్నేహితురాలితో గడుపుతాడు, చివరికి ఇంటికి వెళ్ళక తప్పదు. ఇంట్లో ఏం కాచుకుని ఉందో తెలుసు. వాడికి పెద్ద ఆశలేమీ లేవు. ఈ ఒక్క సంవత్సరం గట్టెక్కాలి, అంతే. కచేరీల్లో ఈ పాట వచ్చేసరికి హాలు హాలంతా గొంతు కలుపుతుంది. వాళ్ళలో ఎందరు అలాంటి ఇళ్ళ నుంచి వచ్చారో ఎవరు లెక్కపెట్టగలరు? ఆ ఆల్బమ్‌ను ఆయన అంకితమిచ్చింది కొట్టే పెద్దల నీడలో బతుకుతున్న పిల్లలకే.

మన పాటల్లో అమ్మ ఉంది, లాలి ఉంది, నాన్న భుజాల మీది ఊరేగింపు ఉంది. నాన్న చెప్పుల చప్పుడు వినగానే పుస్తకం ముందేసుకుని ఊపిరి బిగబట్టే పిల్లవాడు మాత్రం ఎక్కడో తప్ప కనిపించడు. అలాంటి పిల్లలు మన వీధిలోనూ ఉన్నారు. వాళ్ళకూ ఒక పాట కావాలి. ‘పెద్దయ్యాక నీకే అర్థమవుతుందిలే’ అనే ఓదార్పు కన్నా, ‘నేనూ అక్కడే ఉన్నాను, బయటపడ్డాను’ అని చెప్పే గొంతు వాళ్ళకు ఆసరా అవుతుంది. వార్డులో నర్సుగా పనిచేసినవాడు కాబట్టేనేమో, డార్నీల్ తన పాటల్లోని మనుషుల్ని నిలదీయడు. తాగి కాపురం కూల్చుకునే జంటనైనా సరే, పక్కన కూర్చుని వింటాడు.

ఇన్నేళ్ళుగా ఆయన జీవనం ఊరూరా తిరగడమే. మధ్యలో నవలలు రాశాడు, పేరూ వచ్చింది. అయినా మళ్ళీ వ్యాను ఎక్కాల్సిందే, మళ్ళీ కొత్త ఊళ్ళో గిటారు శ్రుతి చేసుకోవాల్సిందే. ఇలాంటి బృందానికి రికార్డుల కన్నా కచేరీలే కూడు పెడతాయి. ఆ కూడు పాడేవాడొక్కడిదే కాదు. బేస్, డ్రమ్స్ వాయించేవాళ్ళు, సౌండు చూసుకునేవాళ్ళు, పెట్టెలు దించేవాళ్ళు, రాత్రంతా బండి నడిపేవాళ్ళు, అందరిదీ.

2020 మార్చిలో కరోనా వల్ల ఆ దారులన్నీ మూసుకున్నాయి. మన దగ్గర మార్చి 25న ఉగాది, లాక్‌డౌన్ ఒకే రోజున వచ్చాయి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి పందిళ్ళు లేవలేదు. బుర్రకథ దళాలు, హరిదాసులు, ఆర్కెస్ట్రా పిల్లలు, మైకు సెట్టు అద్దెకిచ్చేవాళ్ళు ఏడాది తిండికి ఆధారమైన రోజుల్ని ఇంట్లో కూర్చుని లెక్కపెట్టుకున్నారు. డార్నీల్ ఉండేది నార్త్ కరొలైనాలోని డర్హమ్‌లో. మన తెలుగువాళ్ళు ఎందరో ఉద్యోగాలు చేసుకునే చోటు అది. అక్కడా కచేరీలు రద్దయ్యాయి. ఆయన ఆ పాత పానసోనిక్‌నే మళ్ళీ ముందేసుకున్నాడు.

రోమన్ సామ్రాజ్యంలో పాత దేవుళ్ళను నమ్ముకుని మిగిలిపోయిన చివరి మనుషుల గురించి ఫ్రెంచి చరిత్రకారుడు పియెర్ షువాఁ రాసిన పుస్తకం అప్పుడు ఆయన చేతిలో ఉంది. గుళ్ళు మూతపడి, పండగలు ఆగిపోయిన జనం కథ అది. ఆ పుస్తకం పట్టుకుని పది రోజుల్లో పది పాటలు కట్టి, ఆ టేపురికార్డరులోనే పాడాడు. ఏప్రిల్‌లో ‘సాంగ్స్ ఫర్ పియెర్ షువాఁ’ పేరుతో క్యాసెట్టుగా తెచ్చాడు. ఆ సొమ్ము పనిలేక కూర్చున్న తన బృందానికీ సిబ్బందికీ చేరాలన్నది ఉద్దేశం. క్యాసెట్లు ఇట్టే అమ్ముడుపోయాయి.

ఆ పాటలు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. చెవి కాస్త దగ్గర పెట్టి వినండి. పద్దెనిమిదేళ్ళ తరవాత మళ్ళీ తిరిగిన ఆ పెట్టె రొద, గిటారు తీగ మోగకముందే వినపడుతుంది.