కమాండ్లు సరే.. ఫైలు ఎక్కడ?

రెజ్యుమెలో 'డాకర్' అని రాసుకొచ్చిన ఫ్రెషర్లను ఇంటర్వ్యూలో నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. 'మీరు సెట్ చేసిన సర్వర్ ఇప్పుడు రీస్టార్ట్ అయిందనుకోండి. మీరు లాగిన్ అవ్వకుండానే అన్నీ మళ్లీ మునుపటిలాగే లేస్తాయా?' అప్పటిదాకా కమాండ్లు గుక్కతిప్పుకోకుండా చెప్పినవాళ్లు కూడా అక్కడ ఆగిపోతారు. వాళ్లని తప్పుపట్టను. అమీర్‌పేట కోర్సు అయినా, యూట్యూబ్ వీడియో అయినా చాలావరకు కంటెయినర్‌ని స్టార్ట్ చేసి, బ్రౌజర్‌లో పేజీ కనిపించగానే చప్పట్లు కొట్టించి పంపేస్తాయి.

ఆ ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మొదటి ఉద్యోగంలో, ఒక రాత్రి రెండు గంటలకు దొరికింది.

మా దగ్గర ఫ్రీబీఎస్‌డీ సర్వర్ ఒకటి ఉండేది. యునిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. అందులో 'జెయిల్స్' అనే ఏర్పాటు ఉంటుంది. ఒకే కెర్నల్ మీద నడిచే విడివిడి గదులనుకోండి. ఒక్కో జెయిల్‌కి తన ఫైళ్లు, తన ఐపీ అడ్రస్, తన యూజర్లు, చివరికి తన రూట్ యూజర్ కూడా. ఆ రూట్ పెత్తనం మాత్రం గది గడప దాటదు. మేం వెబ్‌సైట్‌ని ఒక జెయిల్‌లో, డేటాబేస్‌ని ఇంకోదాంట్లో, మిగతా సర్వర్లు నడుస్తున్నాయో లేదో నిమిషానికోసారి పింగ్ చేసి చూసే మానిటరింగ్ ప్రోగ్రామ్‌ని మూడోదాంట్లో పెట్టాం.

జెయిల్ లోపలి నుంచి పింగ్ మామూలుగా పనిచేయదు. అందుకు కావాల్సిన రా సాకెట్ల అనుమతి డిఫాల్ట్‌గా ఉండదు కాబట్టి 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. 'అలౌ.రా_సాకెట్స్' అనే పారామీటర్ ఆన్ చేయాలి. చేశాను. ఎలా చేశానన్నదే అసలు సంగతి. నడుస్తున్న జెయిల్ మీదే 'జెయిల్ -ఎం' కమాండ్ కొట్టాను. పింగ్ వెళ్లింది, నేను టీకి వెళ్లాను. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆ లైను రాయలేదు.

కొన్ని నెలల తర్వాత అప్‌డేట్ల కోసం సర్వర్‌ని రీబూట్ చేశారు. జెయిల్స్ అన్నీ బుద్ధిగా లేచాయి, ఫైల్లో ఎలా రాసి ఉందో అచ్చం అలాగే. మానిటరింగ్ జెయిల్‌కి పింగ్ అనుమతి పోయింది కదా, దాని లెక్కలో కంపెనీ సర్వర్లన్నీ ఒకేసారి పడిపోయాయి. అర్ధరాత్రి నలుగురి ఫోన్లు మోగాయి. రెండు గంటలపాటు స్విచ్‌లనీ, కేబుళ్లనీ, ఫైర్‌వాల్‌నీ అనుమానించాం. కారణం తెలిశాక దిద్దింది ఒక్క లైను. ఆ మార్పు చేసినట్టు ఎక్కడా రాసిలేదు, నాకు మాత్రమే తెలియాలి. ఆ రాత్రి నాకూ గుర్తు రాలేదు.

అందుకే అంటాను, కంటెయినర్‌ని నడిపించడం ఉద్యోగం కాదు. అది ఎలా నడవాలో ఒక ఫైల్లో రాసి, ఆ రాతకూ నడిచేదానికీ తేడా రాకుండా చూసుకోవడమే ఉద్యోగం.

దీని వెనక చరిత్ర కాస్త తెలిస్తే మంచిది, ఇంటర్వ్యూలో కూడా పనికొస్తుంది. 1979లో వచ్చిన ఏడో వెర్షన్ యునిక్స్‌లోనే 'సీహెచ్‌రూట్' ఉంది. అది ఒక ప్రోగ్రామ్‌కి ఫలానా ఫోల్డరే మొత్తం డిస్క్ అని నమ్మిస్తుంది, అంతే. రూట్ అధికారం ఉన్నవాడు అందులోంచి బయటపడగలడు. ఆ లోటు తీర్చేలా పౌల్ హెనింగ్ క్యాంప్ రాసిన జెయిల్స్ 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో వచ్చాయి. 2005లో సొలారిస్ 10తో జోన్స్ వచ్చాయి. మనమంతా మొదలుపెట్టే డాకర్ వచ్చింది 2013లో. జెయిల్స్‌కి మాత్రం చాలాకాలం సెట్టింగులు సిస్టమ్ మొత్తానికి ఉండే 'ఆర్‌సీ.కాన్ఫ్' ఫైల్లోనే పొడుగాటి లైన్లుగా ఇరుక్కుని ఉండేవి. 9.1 వెర్షన్‌తో 'జెయిల్.కాన్ఫ్' అనే విడి ఫైలు వచ్చింది. గోడ కట్టడం ముందే వచ్చింది, గోడ లెక్క రాసుకోవడానికి మంచి పుస్తకం పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చింది.

నేర్చుకోవడానికి అది చక్కటి ఫైలు. అన్ని జెయిల్స్‌కీ వర్తించే సెట్టింగులు పైన ఒక్కసారి రాస్తారు. కింద ఒక్కో జెయిల్ పేరు, బ్రాకెట్లలో దానికి మాత్రమే ప్రత్యేకమైనవి: ఐపీ, ఇలాంటి పింగ్ అనుమతులు. ఫోల్డర్ దారిలో పేరుకి బదులు వేరియబుల్ వాడొచ్చు కాబట్టి పదో జెయిల్ చేర్చడానికి మూడు నాలుగు లైన్లు చాలు. ఫైలు పెరిగితే జెయిల్‌కొకటి చొప్పున విడదీసుకోవచ్చు. ఇంకోటి మర్చిపోవద్దు: 'ఆర్‌సీ.కాన్ఫ్'లో 'జెయిల్_ఎనేబుల్'ని 'ఎస్' చేయకపోతే రీబూట్ తర్వాత ఒక్క జెయిలూ దానంతటది లేవదు.

'ఫ్రీబీఎస్‌డీకి ఉద్యోగాలెక్కడున్నాయి అన్నా?' అని అడుగుతారని తెలుసు. నిజమే, తక్కువే. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు దాని మీదే నడుస్తాయి గానీ, జాబ్ పోర్టల్‌లో మీకు కనిపించేది డాకర్, కుబర్నెటీసే. అయినా జెయిల్స్‌తో మొదలుపెట్టమంటాను. ఎందుకంటే అక్కడ దాచడానికేం లేదు. ఫోల్డరు, ఐపీ, స్టార్ట్ చేసే కమాండ్, ఆపే కమాండ్ అన్నీ ఒక పేజీలో కళ్లముందే ఉంటాయి. ఆ అలవాటుతో డాకర్‌కి వెళ్తే, 'డాకర్ రన్' వెనక పది ఆప్షన్లు టైప్ చేయడం కన్నా కంపోజ్ ఫైలు ఎందుకు మేలో ఎవరూ చెప్పక్కర్లేదు. కుబర్నెటీస్‌లోనూ నా తప్పు చేయడానికి చోటుంది. 'క్యూబ్‌సీటీఎల్ ఎడిట్'తో లైవ్‌లో మార్చిన సంగతి గిట్‌లో ఉన్న యామల్ ఫైలుకి తెలియదు. రేపు ఎవరో ఆ ఫైల్ని మళ్లీ అప్లై చేస్తే మీ మార్పు ఎగిరిపోవచ్చు. కాన్ఫిగరేషన్ డ్రిఫ్ట్ అంటే ఇదే.

కోర్సుకి డబ్బు కట్టేముందు ఒక వారాంతం కేటాయించండి. వర్చువల్‌బాక్స్‌లో ఫ్రీబీఎస్‌డీ వేయండి. కాలేజీలో కొన్న ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ లేకుండా 1 జీబీ మెమరీ ఇచ్చినా సరిపోతుంది. హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉచితం, జెయిల్స్‌కి విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఒక జెయిల్‌లో ఎన్‌జినెక్స్, ఇంకోదాంట్లో డేటాబేస్ పెట్టండి. కాన్ఫిగరేషన్ ఫైళ్లు గిట్‌లో పెట్టండి (పాస్‌వర్డులు మాత్రం పెట్టకండి). జెయిల్ లోపల ఏ ప్యాకేజీలు వేశారో 'జెయిల్.కాన్ఫ్'కి తెలియదు కాబట్టి ఆ జాబితాని ఒక చిన్న స్క్రిప్టుగా రాయండి. తర్వాత ఆ వర్చువల్ మెషిన్‌ని డిలీట్ చేసేయండి. నిజంగానే. గిట్‌లో ఉన్నదాంతోనే మళ్లీ కట్టండి.

రెండోసారి కట్టడం అయ్యాక ఆ లింకుని మీ క్లాస్‌మేట్‌కి పంపి, మీరు పక్కన లేకుండా వాళ్ల ల్యాప్‌టాప్‌లో నడపమనండి. ఫోన్ చేసి వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా మీ ఫైల్లో ఇంకా ఎక్కని లైను. వాటిని రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో నేనైతే వాటి గురించే అడుగుతా.