గాజుమురళి - వెదురుగ్రోవి

వాషింగ్టను నగరమందలి కాంగ్రెసు గ్రంథాలయమున నొక గాజుమురళి గలదు. పారిసు నగరమున క్లాడ్ లారెంట్ అను పనివాడు 1813లో అమెరికా అధ్యక్షుడు జేమ్సు మాడిసనుకై దానిని చేసెను. భౌతికశాస్త్రజ్ఞుడైన డేటన్ మిల్లరు సేకరించిన సుమారు 1,700 వేణువులతో గూడ నది 1941లో ఆ గ్రంథాలయమునకు జేరినది. 2022 సెప్టెంబరులో లిజో అను గాయని నిండుసభలో దానిని వాయించెను. బీరువాలోని వస్తువు ఆనాడు మరల వాద్యమైనది.

గాజు గనుకనే యిది సాధ్యమైనది. తేమకును వేడిమికిని గాజు మారదనియే లారెంట్ దాని నెన్నుకొని 1806లో హక్కుపత్రమును బొందెను. మన వెదురు అట్టిది కాదు. ఎండకు బీటలువారును, పురుగు తొలుచును, ఏండ్లతరబడి మూలబడిన గ్రోవికి ఊపిరితేమ సోకిన చీలిపోవచ్చును. అమరావతి శిల్పములలో వేణువు నూదువారు నేటికిని గన్పట్టుచున్నారు. ఆ శిల్పములలో పెక్కింటిని 1880లో లండనులోని బ్రిటిషు మ్యూజియమున జేర్చిరి. రాయి మిగిలెను, వెదురు మిగులలేదు. ఆ స్వరమెట్టిదో చెప్పగలవా రెవ్వరు?

ఇక మన యింటి సంగతి. మేడ్చల్, శామీర్‌పేట పరిసరములందు బీళ్లు ప్లాట్లైనవి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చినది. జినోమ్ వ్యాలీలో పరిశోధనాలయములు వెలసినవి. భూమి వెల పెరిగినందులకు దుఃఖింప నక్కరలేదు. కాని మంద లేనిచోట పిల్లనగ్రోవి యెవరికొరకు మ్రోగును?

పాతగ్రోవిని అద్దాలపెట్టెలో నుంచిన చాలదా యని కొందరందురు. ఉంచవలసినదే. రంధ్రముల నడిమి దూరము కొలిచిన దాని స్వరస్థానములు తెలియును. కాని వ్రేళ్ల నడక, ఊపిరి పట్టు కొలబద్దకు చిక్కవు. అవి గురువునుండి శిష్యునకు రావలసినవే. గాజుమురళికి బీరువా చాలును. వెదురుగ్రోవికి శిష్యుడు కావలెను.

న్యాయవిద్యకై 1998లో నెలకొన్న నల్సార్ విద్యాపీఠము శామీర్‌పేటనే యున్నది. పిల్లనగ్రోవికి ఒక్క గది కరవా? ఈ ప్రాంతపు భూస్వాములు, పట్టణవాసులు తలచిన నిది యసాధ్యము కాదు. ఇంట నున్న పాతగ్రోవిని వాడినవాని పేరుతో, ఊరిపేరుతో ఆ గదికి ఒసగుడు. వాయింప నేర్చిన వృద్ధు డెవడైన నున్నచో, వానికి గౌరవవేతనమిచ్చి ఊరిబడిలో వారమునకొక గంట చెప్పింపుడు. ఎవరి మందలు మన చేలలో ఎరువు నింపినవో, వారి పాటకు మనము పడిన బాకీ యిది. ముదుసలి ఊపిరి యున్నంతలోనే తీర్పవలసిన బాకీ.