ఇరవై పూసల దండ

మా పెద్దమ్మకు ఎదుటి మనిషి జుట్టూ, భుజాలూ కనబడతాయి, ముఖం కనబడదు. గొంతును బట్టి పోల్చుకుంటుంది. రెటీనా నడిమి భాగం వయస్సుతో చెడిందన్నాడు డాక్టరు.

ఆ జబ్బు సంగతి చదవబోయి నేనొక దండ దగ్గర ఆగిపోయాను. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే పటాలముంది. క్రిమి కనబడితే ఒంటికి తూట్లు పొడుస్తుంది. ఆ దెబ్బ మన కణాలకు తగలకుండా కాచే మాంసకృత్తు ఫాక్టర్ హెచ్. అది 20 పూసల దండ; పూసకు సుమారు 60 ఎమినో ఆమ్లాలు.

పూస రూపు తెలిసేదెలా? 1991లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు పదహారో పూసను మాత్రం నీళ్లలో కరిగించి, బలమైన అయస్కాంతంలో పెట్టారు. రేడియో తరంగాలు సోకినప్పుడు, దగ్గరగా ఉన్న ఉదజని పరమాణువులు ఒకదాని జాడ మరొకటి చెబుతాయి. ఫలానాదానికి ఫలానాది పొరుగు అన్న సాక్ష్యాలు బోలెడు పోగుచేసి, కంప్యూటరు చేత రూపు కట్టించారు. ఇంటింటికీ పోయి పొరుగువారెవరని అడిగి ఊరి పటం గీసినట్టన్నమాట! ఆ పూసను రెండు గంధకపు వంతెనలు బిగించి ఉంచుతాయి. తక్కిన పూసలదీ ఇంచుమించు అదే పోత.

2005లో మరొకటి తేలింది. ఏడో పూసలో, 402వ స్థానంలో, టైరొసిన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నవారికి ఈ కంటిజబ్బు ముప్పు ఎక్కువట. పెద్దమ్మకు ఆ మార్పు ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు.

ఇదంతా ఆమెకు చెప్పాను.

"ఆ ఒక్క గింజా మారిస్తే కనబడుతుందిరా?"

"అంతవరకూ రాలేదు పెద్దమ్మా."

"సరేలే. సీరియల్ కిందటివారం ఎక్కడ ఆపావో అక్కణ్ణించి చదువు."