అభ్యర్థి నెన్నుకొను హక్కు

ఎన్నికల ప్రకటన వెలువడినది మొదలు మన తెలుగు రాజకీయములలో ఒక దృశ్యము తప్పక కానవచ్చును. జిల్లాల నుండి ఆశావహులు, వారి వెంట అనుచరులు, హైదరాబాదునకో విజయవాడకో ఢిల్లీకో పరుగులిడుదురు. నాయకుని గుమ్మమువద్ద పడిగాపులు గాయుదురు. ఏ అర్ధరాత్రి వేళనో జాబితా వెలువడును. అందు పేరున్నవారికి బి-ఫారము. లేనివారికి కన్నీరో, తిరుగుబాటో, పొరుగు పార్టీ కండువాయో. ఇంత కోలాహలములోను ఒక్కని జోలి మాత్రము ఎవ్వరికిని పట్టదు. ఆతడే వోటరు. ఆతనికి పిలుపు వచ్చుసరికి పేర్లన్నియు ఖాయమైపోయి యుండును. వానిలో నొకదాని యెదుట మీట నొక్కుటయే ఆతనికి మిగిలిన స్వాతంత్ర్యము.

మాగాణి చేయు మన పాఠకులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ నిండుగా పారుచున్నను, తూము తాళము ఎవని చేత నుండునో నీరు వాని చేనికే ముందుగా పోవును. ప్రజాస్వామ్యమున వోటు కాలువ వంటిది. అభ్యర్థి నిర్ణయము తూము వంటిది. కాలువను సంపాదించుకొని తూమును మరచినవారికి ఎంత స్వరాజ్యము దక్కినట్లు?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ తాళమును వోటర్ల చేతికే ఇచ్చు పద్ధతి శతాబ్దమునకు పైగా నడచుచున్నది. దానికి ప్రైమరీ ఎన్నిక యని పేరు. అంతకు పూర్వము అచ్చట కూడ పార్టీ పెద్దలు మహాసభల చాటున కూర్చుండి అభ్యర్థులను నిర్ణయించుచుండిరి. ఆ పెత్తనముపై పోరాడిన విస్కాన్సిన్ గవర్నరు రాబర్ట్ లా ఫొలెట్ కృషి వలన 1903లో ఆ రాష్ట్ర శాసనసభ ప్రైమరీ చట్టమును చేసెను. పిమ్మట తక్కిన రాష్ట్రములును ఆ దారి బట్టెను. ఆ పద్ధతిలోని మేలును కీడును ఒక్కచోటనే చూడగోరువారు టెక్సాసు రాష్ట్రమును పరిశీలింపవలెను. డల్లాసు, హ్యూస్టను నగరములలో మనవారు వేలాదిగా స్థిరపడియున్నారు గనుక ఆ పేరు నేడు తెలుగు ఇండ్లకు క్రొత్తది కాదు.

టెక్సాసులో సరిసంఖ్య సంవత్సరములందు మార్చి మాసపు మొదటి మంగళవారమున ప్రైమరీలు జరుగును. రిపబ్లికను పక్షమునకు వేరు, డెమొక్రాటిక్ పక్షమునకు వేరు. వోటర్ల జాబితాలో పేరున్నవాడెవడైనను తనకు నచ్చిన పక్షపు ప్రైమరీలో పాల్గొనవచ్చును; ముందుగా ఏ పక్షమునను సభ్యుడుగా చేరియుండ నక్కరలేదు. రెండింటను వోటు వేయుటకు మాత్రము వీలులేదు. ఎవ్వరికిని సగమునకు మించిన వోట్లు రానియెడల మొదటి యిద్దరి నడుమ మే నెలలో మరల పోటీ జరుగును. కేంద్రమున సెనేటరు, ప్రతినిధి సభ్యుడు మొదలు రాష్ట్రమున గవర్నరు, అటార్నీ జనరలు, శాసనసభ్యులు, తుదకు న్యాయమూర్తుల వరకు పార్టీ అభ్యర్థులు ఈ తీరుననే నిర్ణయింపబడుదురు.

ఇది తొలి మెట్టు మాత్రమే గదా, అసలు ఎన్నిక నవంబరులో నున్నది గదా యని కొందరనుకొందురు. ఒకే పక్షము బలముగా నున్నచోట తొలి మెట్టే తుది మెట్టు. 1874 మొదలు 1979 ఆరంభము వరకు టెక్సాసు గవర్నరు పదవి డెమొక్రాటుల చేతి నుండి జారలేదు. 1994 తరువాత రాష్ట్రమంతట వోటు జరుగు ఏ పదవికిని డెమొక్రాటు గెలిచి యెరుగడు; నేడు రిపబ్లికనులదే రాజ్యము. 1948లో సెనేటు స్థానమునకై డెమొక్రాటిక్ ప్రైమరీ తుది పోటీలో లిండన్ జాన్సన్, కోక్ స్టీవెన్సన్ తలపడిరి. దాదాపు 10 లక్షల వోట్లు పోలుకాగా జాన్సన్ 87 వోట్లతో గెలిచెను. జిమ్ వెల్స్ కౌంటీలో 13వ పెట్టెలో పోలింగు ముగిసిన కొన్ని దినములకు సుమారు 200 వోట్లు అదనముగా బయల్పడిన కథ నేటికిని ఆ దేశమున సామెతవలె చెప్పుకొందురు. నవంబరు ఎన్నికలో మాత్రము జాన్సన్ సునాయాసముగా నెగ్గెను. యుద్ధ మెక్కడ జరిగినదో దీనివలననే తెలియును.

అట్టి తూమును చేజిక్కించుకొన్నవారు ఏమి చేసిరో చూడుడు. 1923లో టెక్సాసు శాసనసభ డెమొక్రాటిక్ ప్రైమరీలో నల్లజాతివారు వోటు వేయరాదని చట్టము చేసెను. నవంబరు ఎన్నికలో వారికి వోటు కలదు. కాని అప్పటికి ఫలితము తేలిపోయి యుండును. ఎల్ పాసో పట్టణపు వైద్యుడు డాక్టరు నిక్సన్ దావా వేయగా 1927లో దేశపు సుప్రీముకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. అంత శాసనసభ, వోటర్ల నిర్ణయమును పార్టీ కార్యవర్గమునకు అప్పగించెను. 1932లో అదియు చెల్లలేదు. పిమ్మట పార్టీ మహాసభయే తెల్లవారికి మాత్రమే సభ్యత్వమని తీర్మానించెను. పార్టీ యొక స్వచ్ఛంద సంఘము, తన సభ్యులను తా నేర్పరచుకొన వచ్చునని 1935లో సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా తల యూపెను. చట్టము చేయరాని పని పార్టీ చేయవచ్చునట! కంచె వేసినవాడొకడు, చేను మేసినదొకటి, నేరము మాత్రము ఎవ్వరిదియు గాదు.

తొమ్మిదేండ్లకు, 1944లో, స్మిత్ వ్యాజ్యమున థర్గూడ్ మార్షల్ ప్రభృతుల వాదమును ఆలకించి అదే న్యాయస్థానము 8 మంది సమ్మతితో, ఒక్కరి భిన్నాభిప్రాయముతో, పూర్వపు తీర్పును త్రోసిపుచ్చెను. ప్రభుత్వ చట్టము ప్రకారము నడచు ప్రైమరీ ప్రభుత్వ కార్యమే గాని పార్టీ యింటి వ్యవహారము కాదని ఆ తీర్పు సారాంశము. అప్పటికిని ఫోర్ట్ బెండ్ కౌంటీలో జేబర్డ్ సంఘ మను తెల్లవారి సంస్థ ప్రైమరీకి ముందే తన లోపల మరియొక ఎన్నిక జరుపుకొని అభ్యర్థులను నిర్ణయించుచు వచ్చెను. తలుపు మూసిన, దొడ్డిదారి తెరచినారన్నమాట. 1953లో సుప్రీముకోర్టు దానికిని అడ్డువేసెను. తూము తాళమునకై ముప్పదేండ్లు న్యాయస్థానముల మెట్లెక్కిన ఆ జనుల పట్టుదల మనకు మరపురానిది.

ఈ పద్ధతిలో కీడు లేదని మేము చెప్పబోము. 2024 మార్చిలో దాదాపు 1 కోటి 80 లక్షల నమోదిత వోటర్లలో రెండు పక్షముల ప్రైమరీలకును కలిపి వచ్చినవారు సుమారు 33 లక్షలు. ఐదింట నొక వంతైనను కాదు. కొద్దిమంది పట్టుదల గలవారు వచ్చి ఎల్లరి తరపున నిర్ణయించుచున్నారు. సాధారణ పదవుల విషయమున ఇది సహింపవచ్చును, రానివారిదే తప్పనవచ్చును. న్యాయమూర్తుల విషయమున మాత్రము దీని ఫలము చేదు.

టెక్సాసులో నేర సంబంధమైన అప్పీళ్లకు తుది న్యాయస్థానము వేరుగా కలదు. అందు 9 మంది న్యాయమూర్తులు పార్టీ పేరుతోడనే ఎన్నికగుదురు. ఎన్నికల నేరములపై స్థానిక ప్రాసిక్యూటరు సమ్మతి లేకయే అభియోగము నడపు అధికారము అటార్నీ జనరలునకు లేదని 2021 డిసెంబరులో ఆ న్యాయస్థానము 8 మంది మొగ్గుతో తీర్పు చెప్పెను. అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ ఆ తీర్పును బహిరంగముగా నిరసించి, ఆ న్యాయమూర్తులను ఓడింపుడని స్వపక్షపు వోటర్లకు పిలుపునిచ్చెను. 2024 మార్చి ప్రైమరీలో వారిలో పోటీకి నిలచిన ముగ్గురును ఓడిపోయిరి. వ్యాజ్యములో ఓడినవాడు న్యాయమూర్తిని పదవి నుండి దింపగలిగినచో, రేపు అదే పీఠముపై కూర్చుండు న్యాయమూర్తి కలము తడబడదా? శాసనకర్త ప్రజల మెప్పు కోరుట ధర్మము. న్యాయమూర్తి కోరుట అధర్మము. ఈ భాగమును మనము దూరమునుండియే నమస్కరించి విడువవలెను. న్యాయమూర్తులను పార్టీ ఎన్నికల నుండి దూరముగా నుంచిన మన రాజ్యాంగకర్తల దూరదృష్టి ఇందు ప్రశంసనీయము.

ఇక మన సంగతి. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో వయస్సు వచ్చిన ప్రతి స్త్రీకిని పురుషునకును, చదువు, ఆస్తి, కుల భేదము లేక, వోటు నిచ్చితిమి. ఆనాటికి టెక్సాసులో జేబర్డుల తలుపు మూసియే యున్నది. వోటునకు పన్ను కట్టవలెనను నిబంధన అచ్చట 1966 వరకు నిలచియుండెను. వోటు విషయమున మనము వారికి ముందున్నాము. అభ్యర్థి నిర్ణయమున మాత్రము నేటికిని వారి వెనుకనే యున్నాము. 1985 నాటి ఫిరాయింపుల నిషేధ సవరణ వలన సభ్యుడు పార్టీ ఆజ్ఞను మీరి సభలో వోటు వేసిన సభ్యత్వమే పోవును. లోనికి పోవుటకు నాయకుని చేతి కాగితము, పోయిన పిమ్మట నాయకుని కనుసన్న. ఇక నియోజకవర్గపు మాట చెప్పువా డెవడు?

2014లో కాంగ్రెసు పక్షము కొలది లోక్‌సభ స్థానములలో కార్యకర్తల వోటుతో అభ్యర్థులను నిర్ణయించి చూచెను. ఆ ప్రయత్నము వేళ్లూనలేదు. ధనవంతులు సభ్యత్వములను టోకున కొందురు, కులబలగము మోహరించును, ఓడినవాడు పార్టీకి వెన్నుపోటు పొడుచును, అని నాయకు లందురు. ఈ భయములు నిరాధారములు కావు. కాని నేటి పద్ధతిలో ధనము పలుకుట లేదా? కులము లెక్కకు వచ్చుట లేదా? టిక్కెట్టు రానివాడు వెన్నుపోటు మానుచున్నాడా? ఆ వ్యవహారమంతయు మూసిన గదిలో జరుగుచున్నది. ఇది బట్టబయలున జరుగును. భేద మంతియే. బట్టబయలున జరుగు తప్పును దిద్దుకొన వచ్చునని నిక్సన్ మొదలు స్మిత్ వరకు నడచిన దావాలే సాక్ష్యము.

కావున మేము కోరున దింతే. ప్రతి పార్టీయు నియోజకవర్గముల వారీగా సభ్యుల జాబితాను ప్రకటింపవలెను. ఎన్నికకు కొన్ని నెలల ముందు ఆ సభ్యత్వమును నిలిపివేయవలెను. శాసనసభ, లోక్‌సభ స్థానములకు అభ్యర్థిని ఆ సభ్యుల రహస్య వోటు చేతనే నిర్ణయింపవలెను. దానికి చట్టబద్ధత కల్పించి, పర్యవేక్షణను ఎన్నికల సంఘమునకు అప్పగింపవలెను. పార్టీ తన యింటి వ్యవహారమని అడ్డుచెప్పినచో, ఆ వాదము 1944లోనే ఓడిపోయినదని జ్ఞాపకము చేయవలెను.

తాళము తనంతట ఎవ్వరును ఇచ్చి యెరుగరు. అడుగవలసినవారు గ్రామములలోను పట్టణములలోను పార్టీల జెండాలు మోయు సామాన్య కార్యకర్తలు, వారికి వోటు వేయు మనము. ఈసారి వోటడుగ వచ్చిన అభ్యర్థిని, నీకు మా వోటు సరే, నిన్ను నిలిపిన దెవరని ఒక్క ప్రశ్న వేయుడు. ఆతడు చెప్పు జవాబును బట్టి తూము ఎవరి చేత నున్నదో మీకే బోధపడును.