సినోనిమ్స్ బట్టీ పడితే ఇంగ్లిష్ రాదు, ముందు డిక్షనరీ మార్చండి

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ప్లేస్‌మెంట్స్ కోసం నేనొక వొకాబులరీ యాప్ వేసుకున్నాను. రోజుకి 20 పదాలు, ఒక్కో పదానికి నాలుగైదు సినోనిమ్స్. ఇంటర్ దాకా తెలుగు మీడియం కాబట్టి బస్సులో, హాస్టల్ మెస్‌లో, ఎక్కడ ఖాళీ దొరికినా అదే పని. ఇంటర్వ్యూలో మీ బలం ఏంటని అడిగారు. 'క్లెవర్' మరీ స్కూల్ పిల్లల మాటలా అనిపించి, యాప్‌లో దాని పక్కనే ఉన్న 'కనింగ్' వాడేశాను. ప్యానెల్‌లో ఒకాయన నవ్వు ఆపుకోలేకపోయారు. తెలివైనవాడిని అనబోయి, జిత్తులమారిని అని నా గురించి నేనే చెప్పుకున్నానన్నమాట. ఉద్యోగం రాలేదు. (అదొక్కటే కారణం కాదులెండి, కోడింగ్ రౌండ్ కూడా అంతంత మాత్రమే.)

సినోనిమ్ అంటే అదే అర్థం అని మనం అనుకుంటాం. నిజానికి అది దగ్గరి అర్థం మాత్రమే. పీటర్ మార్క్ రోజెట్ 1852లో అచ్చువేసిన థెసారస్‌లో మాటలన్నీ భావాల వారీగా ఉంటాయి, డిక్షనరీలోలాగా అర్థాలు వివరించడం ఆ పుస్తకం పని కాదు. భావం మనసులో ఉండి, సరైన మాట నోటికి రానివాళ్ల కోసం తయారైంది అది. అంటే ఆ మాటలు ముందే తెలిసినవాళ్లకి. మన యాప్‌లు దాన్ని తలకిందులు చేసి, తెలియని మాటలు నేర్పడానికి వాడుతున్నాయి.

మన గ్యాడ్జెట్ల సంగతే చూడండి. 'చీప్', 'అఫోర్డబుల్' రెండూ లిస్టులో పక్కపక్కనే ఉంటాయి. కానీ రివ్యూలో ఫోన్‌ని అఫోర్డబుల్ అంటే మెచ్చుకోలు. చీప్‌గా ఉంది అంటే బ్యాక్ ప్యానెల్ నొక్కితే కిర్రుమంటోందని. 60 వేల ఫోన్‌ని కూడా చీప్‌గా ఉందని తిట్టొచ్చు, అఫోర్డబుల్ అని మాత్రం అనలేం.

అందుకే నా ఓటు లెర్నర్స్ డిక్షనరీలకి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసమే రాసినవి ఇవి. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఏ.ఎస్. హార్న్‌బీ తయారుచేసిన డిక్షనరీని ఆక్స్‌ఫర్డ్ 1948లో తెచ్చింది, ఇప్పటికీ కొత్త ఎడిషన్లు వస్తున్నాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ అయితే సుమారు 2,000 సులువైన పదాలతోనే డెఫినిషన్లు రాసింది. ఒక పదం అర్థం కోసం వెళ్లి ఇంకో మూడు తెలియని పదాల్లో ఇరుక్కునే బాధ చాలావరకు తప్పుతుంది. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ సైట్‌లో 'కనింగ్' కొట్టి చూడండి, 'డిసప్రూవింగ్' అని లేబుల్ కనిపిస్తుంది. నాకు ఆరోజు కావాల్సింది ఆ ఒక్క ముక్కే. బ్రౌజర్‌లో చూసుకోవడానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఇదంతా ఎందుకు అంటారా? ఐఫోన్‌లో రైటింగ్ టూల్స్ మన మెయిల్‌ని ఫ్రెండ్లీగా, ప్రొఫెషనల్‌గా తిరగరాసి ఇస్తాయి, నిజమే. వాటిలో ఏది మనం అనుకున్న మాటో తేల్చుకోవాల్సింది మనమే. పైగా ఇంటర్వ్యూలో ఎదురుగా మనిషి కూర్చుంటే కీబోర్డ్ సజెషన్లు రావు.

నేనిప్పుడు వర్డ్ ఆఫ్ ది డే నోటిఫికేషన్లన్నీ ఆపేశాను. ఎక్కడో చదువుతూ తగిలిన పదాన్నే తీసుకుంటాను. కిండిల్ యాప్‌లో పదం మీద నొక్కిపట్టుకుంటే డెఫినిషన్ అక్కడే వస్తుంది. తర్వాత ఆ పదాన్ని, అది కనిపించిన వాక్యంతో సహా, ఆంకీడ్రాయిడ్‌లో కార్డుగా పెట్టుకుంటాను. కార్డు వెనకవైపు సినోనిమ్ రాయను. డెఫినిషన్, ఆ మాట మెచ్చుకోలా తిట్టా అన్నది, అవసరమైతే ఒక తెలుగు మాట, అంతే. రోజుకి మూడు కార్డులు దాటనివ్వను. ఆండ్రాయిడ్‌లో ఈ యాప్ ఫ్రీ. ఐఫోన్‌లో ఆంకీకి డబ్బులు కట్టాలి, అది ఇష్టం లేకపోతే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఉచితంగానే పనిచేస్తుంది.