మెదడుకెక్కే జ్వరం

తూంకుంటలో మా యింటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దమ్మ వుంటున్నది. కొడుకు ఉద్యోగం కోసం కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి యిక్కడ స్థిరపడిన కుటుంబం. పోయిన ఆదివారం ఆమె మనుమడికి ఒళ్ళు కాలింది. పిల్లవాడు పాలు తాగాడు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. మామూలు జ్వరమే. అయినా ఆమె రాత్రంతా కన్ను మూయలేదు. తెల్లవారి నాతో అన్నది:

"మా చెల్లె మనుమడు గప్పుడు గిట్లనే పండిండు బిడ్డా. పొద్దుగూకేదాక మంచిగ ఆడిండు. తెల్లారేవరకు లేడు. గా జరం మల్ల వస్తదా?"

ఆమె 'గప్పుడు' అన్నది 2003వ సంవత్సరం సంగతి. ఇరవై యేళ్ళు దాటినా ఆమె మరిచిపోలేదు. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆ కథ మొదటినుంచీ చెప్పాలి.

ఆ యేడు జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, పిల్లలు వున్నట్టుండి జబ్బుపడ్డారు. తీవ్రమైన జ్వరం, వాంతులు, ఆ వెంటనే ఫిట్స్, తరువాత స్పృహ తప్పడం. కొందరిని హైదరాబాదు ఆసుపత్రులకు కూడా తీసుకువచ్చారు. మొత్తం 329 మంది పిల్లలకు జబ్బు చేస్తే 183 మంది చనిపోయారు. సగానికి పైగా అన్నమాట.

మొదట అందరూ అనుమానించింది జపనీస్ మెదడువాపును. అది మనకు తెలిసిన శత్రువే. 1955లో వెల్లూరు ప్రాంతంలో మన దేశంలో మొదటిసారిగా దాన్ని గుర్తించారు. ఆ వైరస్ పందుల్లోనూ కొంగల్లోనూ పెరుగుతుంది. వరిమళ్ళలో పుట్టే దోమలు దాన్ని మనుషులకు అంటిస్తాయి. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వారు పిల్లల రక్తాన్ని పరీక్షించారు. జపనీస్ మెదడువాపు కాదని తేలింది. డెంగ్యూ కాదు, తట్టు కాదు, వెస్ట్ నైల్ జ్వరమూ కాదు. మరి యేమిటి?

ఆరుగురు రోగుల నుంచి తీసిన నమూనాల్లో ఒక వైరస్ పెరిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది తుపాకి గుండు ఆకారంలో కనిపించింది. పిచ్చికుక్క కాటు రోగాన్ని కలిగించే వైరస్‌కు అది దాయాది. దాని పేరు చండీపుర. ఆశ్చర్యమేమిటంటే, అది కొత్తది కానే కాదు. 1965లో నాగపూరు దగ్గర చండీపుర అనే గ్రామంలో జ్వరం వచ్చిన యిద్దరి రక్తం నుంచి పుణే శాస్త్రజ్ఞులే దాన్ని వేరుచేశారు. ముప్పై ఎనిమిదేళ్ళ తరువాత మన పిల్లల్లో దొరికిన వైరస్ ఆ పాతదానితో నూటికి 97 పాళ్ళు సరిపోయింది. చనిపోయిన ఒక బిడ్డ మెదడులో కూడా దాని ఆనవాళ్ళు దొరికాయి. 2004లో ఈ పరిశోధన 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడింది.

ఇందులోనే మరొక సంగతి బయటపడింది. రోగం వచ్చినప్పుడు శరీరం దానితో పోరాడే పదార్థాలను తయారుచేసుకుంటుంది. రక్తంలో వాటిని చూసి డాక్టర్లు రోగాన్ని పోలుస్తారు. ఈ జబ్బులో నాలుగు రోజులు గడిచినవారిలోనే అవి ఎక్కువగా కనబడ్డాయి. ఆ పరీక్షకు నాలుగు రోజులు కావాలి. రోగానికి ఒక్క రోజు చాలు. చాలామంది పిల్లల విషయంలో పరీక్షకు అందేలోపే అంతా అయిపోయింది.

శాస్త్రజ్ఞులందరూ దీనితో ఏకీభవించారని కాదు. హైదరాబాదుకు చెందిన కొందరు పిల్లల వైద్యులు, ఇది మెదడువాపు కంటే పక్షవాతాన్ని పోలి వుందనీ, మెదడుకు రక్తం అందించే నాళాల్లోనే చిక్కు వచ్చిందనీ 2004లో వాదించారు. ఆ తరువాత 2005-06లో ఉత్తర తెలంగాణలో జరిపిన పరిశీలనలో పిల్లల మెదడు జ్వరాలకు చండీపుర వైరస్ ఒక ముఖ్య కారణమని తేలింది. వాదం ఎలా వున్నా ఒక్క విషయంలో తేడా లేదు: ఈ జబ్బులో లెక్క గంటల్లోనే.

ఇంతకూ యిది ఎలా అంటుతుంది? అనుమానమంతా ఇసుక ఈగ మీద. దోమకంటే చాలా చిన్నది. రెక్కలు పైకెత్తి కూర్చుంటుంది, ఎగరడం తక్కువ, గెంతడం ఎక్కువ. నీళ్ళలో పుట్టదు. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల్లో, పేడకుప్పల దగ్గర చెమ్మనేలలో పెరుగుతుంది. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లో ఈ వైరస్ వున్నట్టు 2005లో ప్రకటించారు.

తూంకుంట మీదుగా పోయే కరీంనగర్ రోడ్డునే శామీర్‌పేట దాటి ముందుకు వెళితే తుర్కపల్లి వస్తుంది. అక్కడి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ 2013లో జపనీస్ మెదడువాపుకు టీకా తెచ్చింది. కర్ణాటకలోని కోలారులో రోగి నుంచి తీసిన వైరస్‌తోనే దాన్ని తయారుచేశారు. ఆ జబ్బు ఎక్కువగా వుండే జిల్లాల్లో తొమ్మిదో నెలలో ఒకసారి, పదహారు, ఇరవైనాలుగు నెలల మధ్య మరొకసారి ప్రభుత్వం పిల్లలకు టీకా వేయిస్తున్నది. చండీపురకు మాత్రం వాడుకలో టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. ఎలుకల మీద టీకా ప్రయోగాలు జరిగాయి. కాని అక్కడక్కడ లేచి, కొద్ది వారాల్లో అణగిపోయే జబ్బుకు మనుషుల మీద ప్రయోగం జరపడం అంత సులువు కాదు.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు యిదీ: ఆ జ్వరం పోలేదు. 2024లో జూన్ మొదలు ఆగస్టు మధ్య వరకు, ఎక్కువగా గుజరాత్‌లో, 245 మందికి మెదడు జ్వరం వచ్చి 82 మంది చనిపోయారు. వారిలో 64 మందికి చండీపుర వున్నట్టు పరీక్షల్లో తేలింది.

అలాగని ప్రతి జ్వరానికీ హడలిపోనక్కరలేదు. బిడ్డ పలుకుతూ, తాగుతూ, చుట్టూ చూస్తూ వుంటే తొందర లేదు. కాని జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ మత్తుగా పడివుండి పిలిస్తే పలకకపోయినా, తెల్లవారేదాకా ఆగవద్దు. 2003లో లేని 108 బండి 2005 నుంచి మనకు వుంది. దాన్ని పిలవండి. ఫిట్స్ వచ్చినప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల పోయేది కాలమే. వానాకాలంలోపు గోడల నెర్రెలు పూడ్పించి, పేడకుప్పను యింటికి దూరంగా వేయించండి. పిల్లలను సన్నని కన్నులున్న దోమతెరలో పడుకోబెట్టండి.

ఇదంతా చెబితే పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "గప్పుడు గీ ముచ్చట మాకెవ్వరు చెప్పలె" అన్నది చివరికి. మూడో రోజుకు మనుమడి జ్వరం తగ్గింది. ఆ సాయంకాలం ఆమె వూళ్ళో వున్న తమ్ముడికి ఫోన్ చేసి, కొట్టం గోడలు మెత్తించమని గట్టిగా పోరుతుండగా విన్నాను.