పైలట్‌కు విశ్రాంతి - మనకు క్షేమం



2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతటా విమానాశ్రయాలలో ప్రయాణికులు ఎంత అవస్థ పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇండిగో సంస్థ కొద్ది రోజులలోనే వేల విమానాలు రద్దు చేసింది. "పైలట్లకు ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలన్న కొత్త రూల్స్ వల్లే ఈ తిప్పలు" అని చాలామంది విసుక్కున్నారు. ఎన్నో ఏళ్ళు నైట్ డ్యూటీలు చేసి, ఇప్పుడు ఇతరులకు డ్యూటీ చార్టు వేస్తున్న నేను మాత్రం ఆ మాట ఒప్పుకోలేను.

ఆ రూల్స్ ఏమిటో చూడండి. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. వాటిని 2024 జనవరిలో ప్రకటించింది. వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచింది. రాత్రి డ్యూటీగా లెక్కించే వేళను అర్ధరాత్రి నుండి ఉదయం 6 గంటల వరకు పొడిగించింది. రాత్రి డ్యూటీలో 6 వరకు చేయించగలిగిన ల్యాండింగులను 2కు తగ్గించింది. ఇవి 2025 జూలైలో కొన్ని, నవంబరులో మిగిలినవి అమలులోకి వచ్చాయి. సిద్ధపడడానికి దాదాపు రెండేళ్ళు ఉన్నాయి. తమ ప్రణాళికలో లోపం జరిగిందని సంస్థే ఒప్పుకుంది. అయినా చివరకు రాత్రి డ్యూటీ రూల్స్‌నే ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు సడలించారు. నాకు బాధ కలిగించింది ఇదే.

నిద్రలేమి మనసు గట్టి చేసుకుంటే పోయేది కాదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరులాగే ఉంటుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతం మాత్రమే. తాగినవాడికి స్టీరింగ్ ఇవ్వం గదా! మరి అలసినవాడికి ఎలా ఇస్తాం?

పైగా తెల్లవారుజామున 2 నుండి 6 గంటల మధ్య శరీరం సహజంగానే నిద్రను కోరుతుంది. 2010 మే 22న దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం 6 గంటలు దాటాక మంగళూరులో దిగుతూ లోయలో పడి 158 మంది చనిపోయారు. 8 మందే బ్రతికారు. దిగవద్దు, మళ్ళీ పైకి వెళ్దామని కో-పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదు. అంతకుముందు ఆయన గంటన్నరకు పైగా నిద్రపోయారనీ, ఆ నిద్రమత్తు ఆయన నిర్ణయాన్ని దెబ్బతీసి ఉండవచ్చనీ విచారణ నివేదిక తెలిపింది. గల్ఫ్‌లో బిడ్డలున్న మన కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు. అందుచేత ఎన్ని గంటలు పని చేయించామన్నది ఒక్కటే చాలదు. ఏ వేళలో చేయించామన్నది కూడా చూడాలి.

నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరొక ఆసుపత్రిలో, వరుసగా రెండు డ్యూటీలు చేసిన తెల్లవారుజామున ఒక రోగి కోసం తప్పు ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కించాను. లేబుల్ చూశాను, చదివాననే అనుకున్నాను. పక్కనున్న సీనియర్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నేను నిర్లక్ష్యంగా లేను, అలసి ఉన్నాను. ఈనాడు ఒక సిస్టర్ సెలవు పెడితే, డ్యూటీ దిగుతున్న మరొక సిస్టర్‌ను "ఈ ఒక్క రాత్రి ఉండమ్మా" అని అడగాలని నాకూ అనిపిస్తుంది. కొన్నిసార్లు అడిగాను కూడా. చార్టు వేసేవారికి అదే తేలికైన దారి. అందుకే దాన్ని మా ఇష్టానికి వదలకూడదు, రూల్ ఉండాలి. రూల్‌కు సరిపడా మనుషులను ముందుగానే తీసుకోవాలి. "నేను అలసి ఉన్నాను" అని చెప్పిన పైలట్‌కు గాని, నర్సుకు గాని దానివల్ల నష్టం కలగకూడదు.

ఈసారి "సిబ్బంది డ్యూటీ సమయం అయిపోయింది, వేరే వారు రావాలి" అని విమానం ఆలస్యమైతే, దయచేసి కౌంటరు దగ్గరున్న అమ్మాయి మీద కేకలు వేయకండి. కాస్త ఓపిక పట్టండి. బాగా నిద్రపోయి వచ్చిన మనిషి మిమ్మల్ని క్షేమంగా ఇంటికి చేరుస్తాడు.